సార్ ఓకే చేసిన సైలెన్సర్

మా ఇంట్లో కారు నాది. మా ఆయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. అందులో నాకేం పేచీ లేదు. పెళ్లికి ముందే మా బాపు నడిపే డీసీఎం వ్యాను స్టీరింగ్ పట్టినదాన్ని, నడపడానికి నేనున్నాను. దూలపల్లిలో ఉద్యోగం చేస్తూ పాత కారొకటి కొన్నాను. దానికి ఇంజనులోకి గాలి ఎక్కువ తోసి బలం పెంచే పెద్ద టర్బో పెట్టించి, బ్రేకులు మార్పించి, అప్పుడప్పుడు రేసు ట్రాక్ మీద పరిగెత్తిస్తాను. మిగతా రోజుల్లో అదే కారులో కుత్బుల్లాపూర్ నుంచి ఆఫీసుకు వెళ్తాను. ఇవన్నీ మొదటే ఎందుకు చెబుతున్నానంటే, శామీర్‌పేట దారిలోని సైలెన్సర్ల షాపులో కూడా మొదటే చెప్పాను.

పెద్ద టర్బో పెట్టాక కంపెనీ వాళ్లిచ్చిన సన్నపైపు చాలలేదు. పొగ బయటికి పోయే దారి లేక ఇంజను ఆయాసపడేది. కొత్త పైపు ఎలా ఉండాలో చాలా రోజులు ఆలోచించాను. రెండున్నర అంగుళాల స్టీలు పైపు, వెనక సైలెన్సర్, కారు నడుమ ఇంకో చిన్న డబ్బా. హోరును మింగేది ఆ నడుమ డబ్బానే. అది లేకపోతే హైవే మీద ఒకే వేగంతో పోయేటప్పుడు కారు లోపలంతా డప్పులా మోగుతుంది. మూడు అంగుళాల పైపు వద్దనుకున్నాను. వెనక ఇరుసు దగ్గర అంత లావు పైపుకు చోటు లేదు.

ఇదంతా నేను చెబుతున్నంతసేపూ షాపాయన నాతో వచ్చిన మా ఆయన ముఖంలోకే చూశాడు.

"అన్నా, ఇంజన్ కంప్యూటర్ల సెట్టింగు మార్పిచ్చిన్రా?"

"మార్పిచ్చిన," అన్నాను నేను.

"అయితే మస్తు పవరుంటది అన్నా," అన్నాడు మా ఆయనతో.

మా ఆయన గంగిరెద్దులా తలూపాడు. ఆయనకు బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు.

ఆ రోజు నాకు ఒక పూట ఆఫీసు ఉంది. "నువ్వు ఈడనే కూసో. నేను చెప్పింది ఏమన్న మారుస్తనంటే నాకు ఫోన్ జెయ్," అని మా ఆయనకు చెప్పి బస్సెక్కాను. ఫోనేమీ రాలేదు. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

మధ్యాహ్నం తిరిగొచ్చి బస్సు దిగగానే నా కారు అరుపు రోడ్డు మీదికి వినిపించింది. షాపాయన నా సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు. నలుగురు చుట్టూ చేరి ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఇక్కడ పైపు ఎంచుకునే పద్ధతే అది. బండిని నిలబెట్టి తొక్కుతారు. ఎదురుగా చాయ్ హోటల్లో ఉన్నవాళ్లు తల తిప్పి చూస్తే పైపు పాసైనట్టు. బండి రోడ్డు మీద నడుస్తుందనీ, లోపల మనిషి కూర్చుంటుందనీ ఎవరికీ పట్టదు.

"నడుమ డబ్బా ఏది?" అని అడిగాను.

"తీసేసినం అక్కా. పైపు గూడ మూడించులది ఏసినం. గిప్పుడు గదా పులి లెక్క ఉంది! సారే ఓకే అన్నడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన్ని పక్కకు పిలిచాను.

"ఆయన రోజు జేసే పని గదా, నేనెట్ల కాదంట?" అన్నాడు.

"నాకు ఒక్క ఫోన్ జేస్తే ఏం బోయె?"

"గంతమందిల నా పెండ్లాన్ని అడిగి చెప్త అంటే ఏం బాగుంటది?"

కోపం మూడు అంగుళాల పైపు మీది నుంచి ఈయన మీదికి మళ్లింది అక్కడే. పైపును కోసి తీయొచ్చు. ఈ మాటను ఎట్లా తీసేది?

ఆయన్ని కారులో కూర్చోబెట్టి మేడ్చల్ హైవే మీదికి తీసుకెళ్లాను. మొదటి స్పీడ్ బ్రేకర్ మీదే పైపు ఇరుసుకు ఢమాలున తగిలింది. హైవే ఎక్కి ఎనభైలో నిలకడగా పోతుంటే చెవుల్లో హోరు, పళ్లలో వణుకు. "ఎట్లుంది నువ్వు ఓకే జేసిన పైపు?" అని అరిచాను. ఆయన "ఆఁ?" అన్నాడు. మళ్లీ అరిచాను, మళ్లీ "ఆఁ?" అన్నాడు. మేడ్చల్ మార్కెట్ దగ్గర కూరగాయలమ్మే అవ్వ రెండు చెవులూ మూసుకుని, "పాడుగాను గీ బండి! నడిపేటిదానికి సిగ్గు లేదా?" అని నన్ను తిట్టింది. ఓకే చెప్పడానికి సారు, తిట్లు తినడానికి నేను. అవ్వ తిట్టిన దాంట్లో తప్పేమీ లేదు. మా ఆయన మాత్రం కిటికీ అద్దం పైకెక్కించి కూర్చున్నాడు.

షాపుకు తిరిగొచ్చి మొత్తం ఊడదీయించాను. షాపాయన గొణిగాడు. గొణుక్కోనిచ్చాను. ఈసారి ఎక్కడికీ కదల్లేదు, పైకి లేపిన కారు కిందే నిలబడ్డాను. రెండున్నర అంగుళాల పైపు, నడుమ డబ్బా, వెనక సైలెన్సర్. ఇరుసు దగ్గర నా వేళ్లు దూరేంత సందు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వంపించాను. వెల్డింగు చల్లారాక ఒక్కదాన్నే హైవే దాకా వెళ్లొచ్చాను. తొక్కితే లాగుతోంది, వదిలితే ఊరుకుంటోంది. లోపల నా మాట నాకు వినపడింది. ఉదయం నుంచీ నేను అడిగింది ఇదే.

కారు దిగేసరికి షాపాయన మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు.

"సౌండు జెంటిల్‌గ మస్తుంది అన్నా. నీ సెలెక్షన్ సూపర్!"

"థాంక్స్ అన్నా," అన్నాడు మా ఆయన.

నేను మళ్లీ కారెక్కి తలుపులు లాక్ చేశాను. ఆయన అటువైపు వచ్చి అద్దం మీద తట్టాడు. కొంచెం దించాను.

"ఆమెనే ఎంచుకుంది అని ఆయనకు చెప్పిరా. గప్పుడు ఎక్కు."

"గింత చిన్న మాటకు గంత కోపమా?"

"చిన్న మాటనే గదా. పోయి చెప్పు."

ఆయన షాపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ షాపు వైపు చూశాడు. కాలు మాత్రం కదపలేదు. నేను గేరు వేసి వచ్చేశాను. చీకటి పడే వేళకు ఇల్లు చేరాడు. ఆ చిన్న మాట చెప్పడం కన్నా శామీర్‌పేట నుంచి రెండు బస్సులు మారి రావడమే ఆయనకు తేలికైంది.