తానం బండ చుట్టూ వావిలి

రజాకార్ల భయానికి ఊరు విడిచి జనగామ చేరిన ఏడాది మాకు దొరికిన అద్దె ఇంట్లో అన్నీ ఉన్నాయి, స్నానానికి చాటు తప్ప. పెరట్లో ఒక తానం బండ, దాని పక్కనే స్టేషనుకు పోయే బాట. అమ్మ, అక్క, నేను కోడి కూయకముందే లేచి, ఒకరికొకరం కాపలా ఉండి, వణుకుతూ నాలుగు చెంబులు పోసుకునేవాళ్ళం. ఆ చీకటి స్నానాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తడక కడితే ఒక్క గాలివానకే ఎగిరిపోయింది. మొక్కల కంచె వేద్దామంది అమ్మ. ఇంటి యజమానురాలు క్రోటన్ కొమ్మలు ఇస్తానంది. "గవి రోజూ నీళ్ళడుగుతయక్కా. మనకే బిందె నీళ్ళకు కొట్లాట," అంది అమ్మ. మొరం నేలకు తంగేడే సరి అని అక్క గుట్ట మీంచి పీక్కొచ్చి నాటింది. పీకిన తంగేడు ఎక్కడ బతుకుతుంది? తల్లివేరు గుట్టలోనే తెగిపోయింది, మొక్క ఎండిపోయింది.

చివరికి అమ్మ వాగు ఒడ్డు నుంచి వావిలి కొమ్మలు తెచ్చి, బండ నీళ్ళు పారే చోట గుచ్చింది. దాన్ని మేక ముట్టదు. మా స్నానపు నీళ్ళే దానికి చాలు. చూస్తుండగానే తలెత్తు పెరిగింది కానీ, కింద మాత్రం అన్నీ సందులే. గుబురయ్యేదాకా చీకటి స్నానాలు తప్పవంది అమ్మ.

ఈలోగా రజాకార్లు పోయి, సంఘపోళ్ళను, అంటే కమ్యూనిస్టు దళాల వాళ్ళను, వెతికే క్యాంపు పోలీసులు వచ్చారు. బాట పక్కన మనిషి నక్కేంత పొద ఉండొద్దని మా వావిలిని మోకాలెత్తుకు నరికేశారు. "గీ చాటుకు ఆడపిల్లలు తానం జేస్తరు బిడ్డా, జర ఇడిసిపెట్టుండ్రి," అని అమ్మ బతిమాలినా వినలేదు. అక్క ఏడ్చింది. నాకైతే బిందె తీసి వాళ్ళ నెత్తిన వేయాలనిపించింది.

వానలు పడ్డాయి. నరికిన ప్రతి మోడుకూ గుత్తులుగా చిగుళ్ళొచ్చి, కింది నుంచే చెయ్యి దూరనంత గుబురైంది. ఛాతీ దాటకుండా అమ్మే కత్తిరించేది. పోలీసులు మళ్ళీ వచ్చి, కంచె మీంచి మా ఇంటి వెనక గోడ కనిపిస్తుందని చూసుకుని వెళ్ళిపోయారు. బండ మీద కూర్చుంటే మాత్రం బాట మీది వాళ్ళకు మనిషి కనబడదు. "ఆనాడు కూలి అడగకుంట మంచిగ కత్తిరించి పోయిండ్రు," అని అమ్మ నవ్వింది.

ఆ ఆదివారం పొద్దెక్కాక అక్క జుట్టు విప్పుకుని, వీపున ఎండ తగులుతుండగా కుంకుడుకాయలతో తలంటుకుంది. కాపలాకు అలవాటుపడి నేను లేచి నిలబడితే, అమ్మ నన్ను కూర్చోబెట్టింది.

"పోసుకో బిడ్డా," అంది అక్కతో, "ఇంకో బిందె పోసుకో."