అమ్మాజీకి తోడు

నేను మా మనవలకు చెప్పిన లెక్క ప్రకారం, ఎండాకాలంలో గోదావరి కాలువలు కట్టేసేది ఇరిగేషన్ వాళ్ళు కాదు. మా ఊరి ఏనుగు అమ్మాజీ ఆ నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేసి, నాట్ల వేళ దాకా కడుపులో దాచి, అప్పుడు తూము దగ్గర నిలబడి వదులుతుంది. పిల్లలు ఈ మాట బడిలో చెప్పి చీవాట్లు తిన్నారు. చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్లు వింటే నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఏసుపాదం కథ అలాంటిది కాదు. ఇందులో నేను కలిపిందేమీ లేదు. కలపాలని అనిపించలేదు కూడా.

ఏసుపాదం అమ్మాజీకి మావటి. అతని వంశంలో మావటి పని చేసినవారు ఎవరూ లేరు. తండ్రీ తాతా మా ఊళ్ళో సత్యనారాయణరాజుగారి ఇంట గేదెలు కాశారు. రాజుగారిది భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులూ వరిచేలూ ఉన్న కుటుంబం. ఆయన తండ్రి పెద్దరాజుగారు ఒకప్పుడు ఉత్తరాదిలో ఏదో సంతలో మోజుపడి ఒక ఆడ ఏనుగును కొని లారీలో తెచ్చారు. దాని వెంట వచ్చిన మావటి మా ఉక్కనూ దోమలనూ ఓర్చుకోలేక, ఊడ్పులు కాకముందే రైలెక్కేశాడు. పెద్దరాజుగారు పాకలో గేదెలకు గడ్డి వేస్తున్న ఏసుపాదాన్ని పిలిచి, "ఇదీ గేదెలాంటిదేరా, కాస్త పెద్దది" అని గొలుసు చేతికిచ్చారు. ఏసుపాదానికి అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు.

అతను ఆ మాటను అక్షరాలా నమ్మాడు. పొద్దున్నే కాలువకు తోలుకుపోయి వరిగడ్డి చుట్టతో ఒళ్ళు తోమేవాడు. తవుడూ బెల్లం కలిపి ముద్దలు పెట్టేవాడు. పుండు పడితే వేపనూనె రాసేవాడు. ఏనుగుకు అమ్మాజీ అని పేరు పెట్టింది తర్వాత పెళ్ళై వచ్చిన అతని భార్య చిన్నమ్మాయి. హిందీలో నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి అమ్మాజీ కొద్ది రోజుల్లోనే మన తెలుగుకు అలవాటు పడింది. ఏసుపాదం కూర్చోమంటే వెంటనే కూర్చునేది. రాజుగారు చెబితే కాస్త ఆలోచించి కూర్చునేది.

స్వామి కల్యాణానికి ఊరేగింపు విగ్రహం అమ్మాజీ మీదే వెళ్ళేది. మెడ మీద ఏసుపాదం ఉండేవాడు. ఆదివారం మాత్రం దాని స్నానం తొందరగా ముగించి, తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్ళేవాడు. ఒకసారి పాస్టరుగారు, "విగ్రహాన్ని మోయడం తప్పు కదా ఏసుపాదం?" అని అడిగారట. "నేను మోయట్లేదండి, అది మోస్తోంది. దాన్నే అడగండి" అన్నాడట ఇతను. పాస్టరుగారు ఏనుగును అడగలేదు.

అలా కాలం గడిచింది. పెద్దరాజుగారు పోయారు. ఏసుపాదం కూతురు రూబీ నర్సు చదివి రాజమండ్రిలో కాన్పుల వార్డులో చేరింది. ఏసుపాదానికి జుట్టు నెరిసి మోకాళ్ళు అరిగిపోయాయి. అమ్మాజీ ముందుకాలు మడిచి మెట్టులా పెట్టినా ఎక్కడం కష్టమైంది. అప్పటి నుంచి అతనికి ఒకటే దిగులు. తన తర్వాత దాన్ని ఎవరు చూస్తారు? ఏనుగు ఇంకా చాలా కాలం బతుకుతుంది. ఈ పనికి కొత్తగా ఎవరూ రారు. దానికొక పిల్ల పుడితే, తను పోయినా తోడుంటుందని అతని ఆశ. ఈ మాట నాతో చాలాసార్లు అన్నాడు.

మొన్నటి వేసవిలో కాలువలు కట్టేసిన కొద్ది రోజులకు అమ్మాజీ మేత మానేసింది. పడమటి దిక్కుకు తిరిగి నిలబడి ఒకటే అరుపులు. గొలుసు లాగి లాగి కాలు ఒరుసుకుపోయింది. ఏసుపాదం రెండు పూటలు చూసి, రాజుగారింటికి వెళ్ళాడు. అక్కడ అరుగు మీద పశువుల డాక్టరు జానకిరామ్ గారు కాఫీ తాగుతున్నారు. సెలవు మీద వచ్చిన రూబీ, రాజుగారి భార్య సూర్యావతిగారికి బీపీ చూస్తోంది. నేను పేపరు కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను.

"రాజుగారండి, అమ్మాజీ ఎదకొచ్చిందండి" అన్నాడు ఏసుపాదం.

"ఏంట్రా నువ్వనేది?"

"ఆయ్. మేత ముట్టట్లేదండి. ఒకటే అరుపు. మన ముర్రా గేదె ఎలా చేస్తుందో అచ్చం అలాగేనండి."

రాజుగారి ముఖం వెలిగిపోయింది. ఆయనకూ ఆ కోరిక ఎప్పటి నుంచో ఉంది. వెంటనే డాక్టరుగారి వైపు తిరిగారు.

"చూడండి డాక్టరుగారు. అడవి నుంచి కొత్తవాటిని పట్టనివ్వరు. కొననివ్వరు, అమ్మనివ్వరు. అది మంచిదే, కాదనను. కానీ ఉన్నవాటికైనా పిల్లలు పుట్టకపోతే రేపు మన మనవలు స్వామిని ట్రాక్టరు మీద ఊరేగించుకోవాలా? అడవిలో మాత్రం ఏం సుఖం? కరెంటు తీగలూ రైళ్ళూనూ. మా ఇంట్లో దానికేం తక్కువైందండి?"

"మీ మాటలో నిజం లేదనను" అన్నారు జానకిరామ్ గారు. "మనుషుల దగ్గర పుట్టి బాగా పెరిగిన గున్నలు ఉన్నాయి. కానీ అమ్మాజీకి నలభై దాటాయి. ఆ వయసులో తొలిచూలు ఏనుగుకు చాలా ప్రమాదం. లోపల పిల్ల అడ్డం తిరిగితే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అసలు ఎదకు వచ్చిందో లేదో కూడా పైకి చూసి చెప్పలేం. రక్తం పరీక్ష చేయాలి."

రూబీ బీపీ మిషను మడుస్తూ అంది, "పుట్టాక మాత్రం ఏముంది రాజుగారండి? దాని కాలికీ గొలుసేగా."

"ఏం తల్లీ, మీ ఆస్పత్రిలో పుట్టేవాళ్ళంతా ఆస్తులు రాయించుకునే పుడుతున్నారా?"

"లేదండి. వాళ్ళ అమ్మలు కావాలనుకుని కంటున్నారండి. అమ్మాజీని ఎవరడిగారు?"

"నేనడిగానమ్మా" అన్నాడు ఏసుపాదం. "రోజూ అడుగుతాను. తొండం ఊపుద్ది."

"తవుడు కావాలా అన్నా ఊపుద్ది కదరా" అన్నారు సూర్యావతిగారు.

అందరం నవ్వాం. ఏసుపాదం నవ్వలేదు. "నీకు నీ డ్యూటీ ఉంది. మీ అమ్మకు నువ్వున్నావు. నేను పోతే దానికెవరున్నారు?" అన్నాడు కూతురితో.

ఆ మధ్యాహ్నమే రాజుగారికి ఒక కబురు తెలిసింది. పక్క ఊళ్ళో గుడి ప్రతిష్ఠకు ఎక్కడి నుంచో ఏనుగును తెప్పించి కొబ్బరితోటలో ఉంచారు. ఆ తోట మాకు సరిగ్గా పడమర. "మగదే అయ్యుంటుంది. లేకపోతే ఇది అరవడం దేనికి?" అని రాజుగారు తేల్చేశారు. చల్లబడ్డాక తోలుకుపోయి చూపిద్దామన్నారు. మగదైతే మదం మీద ఉందేమో ముందు కనుక్కోండనీ, దూరంగానే నిలబెట్టండనీ డాక్టరుగారు జాగ్రత్తలు చెప్పి తనూ బయల్దేరారు.

చెరువు గట్ల మీదుగా అమ్మాజీ అంత వేగంగా నడవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అరిగిన మోకాళ్ళతో ఏసుపాదం వెంట పరుగు లాంటిది తీశాడు. వెనక రాజుగారి కారు, కారు వెనక ఊరి జనం, పెళ్ళిచూపులంటూ వేళాకోళాలు. తోట ఇంకా దూరంలో ఉండగానే అక్కడి ఏనుగు పిలిచింది. ఇది బదులు పలికింది.

తోటలో ఉన్నది మగ ఏనుగు కాదు. ఒక కంట్లో తెల్లపొర కమ్మిన ముసలి ఆడ ఏనుగు. దాని మావటి తమిళుడు. సంగతి అర్థమై కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఒరేయ్ ఏసుపాదం, ఇదేం సంబంధంరా?" అన్నారు రాజుగారు. జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. అమ్మాజీ వెళ్ళి ఆ ముసలిదాని నోట్లో తొండం పెట్టింది. అది దీని చెవుల వెనకా, ఒరుసుకుపోయిన కాలి దగ్గరా తడిమి చూసింది. రెండూ ఒళ్ళూ ఒళ్ళూ ఆనించుకుని నిలబడ్డాయి. వాటి నుంచి ఒక లోతైన శబ్దం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు పక్కన నిలబడితే వచ్చేలాంటిది. అది చెవికంటే ముందు గుండెకు తెలుస్తుంది. ఏనుగులు ఆ గొంతుతో మైళ్ళ దూరం మాట్లాడుకుంటాయని డాక్టరుగారు మెల్లగా చెప్పారు. కొంతసేపటికి అమ్మాజీ ఆ ముసలిదాని కుప్పలోంచి తాటాకు లాక్కుని తినడం మొదలుపెట్టింది. ఏసుపాదం వదులైన గొలుసు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఊరికి వచ్చిన నాటి నుంచి అమ్మాజీ తన జాతి ప్రాణిని చూడలేదన్న సంగతి, నాతో సహా, మాలో ఎవరికీ అంతవరకు తట్టలేదు.

చీకటి పడేముందు అది తిరిగి రానంది. ఏసుపాదం బతిమాలాడు. చివరికి ఆ తమిళ మావటి జాలిపడి, తన ఏనుగును రోడ్డు దాకా ముందు నడిపిస్తే, దాని వెనక వచ్చింది. మర్నాడు ఆ ముసలి ఏనుగును లారీలో తీసుకువెళ్ళిపోయారు.

అమ్మాజీ కొన్నాళ్ళు అరిచింది. తర్వాత మానేసింది. "అరిచినప్పుడు కాదండి, మానేసినప్పుడు భయమేసింది" అని ఏసుపాదం నాతో అన్నాడు. చిన్నమ్మాయి ముద్దలు కలిపి పెడితే ఒకటి అరా మింగేది. మిగతాది తొండంతో పక్కకు నెట్టేది. ఏసుపాదం కూడా ఇంట్లో సరిగ్గా తినడం లేదని ఆవిడ మా ఇంటికి వచ్చి చెప్పుకుంది.

ఒక సాయంత్రం అతను రాజుగారి అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. జీవితంలో ఆ ఇంట్లో ఏ మాటకూ కాదనని మనిషి.

"రాజుగారండి, పిల్ల వద్దండి."

"డాక్టరుగారు పంపిన రక్తం పరీక్ష ఇంకా రానేలేదు కదరా."

"ఏమొచ్చినా వద్దండి. అది ఎదకు రాలేదండి. నేను గేదె లెక్కన చూశాను. అది తోడు కోసం అరిచిందండి."

"పిల్ల తోడు కాదేంట్రా?"

"కడుపు పండినా ఈనడానికి రెండేళ్ళు పడుతుందంటండి. ఈనలేక ఇదే పోతే? పోనీ బతికి బట్టకట్టినా, రేపు ఇది పోయాక ఆ పిల్ల కూడా ఇలాగే పడమటికి తిరిగి అరుస్తుందండి. అప్పుడు దానికి ఇంకో పిల్లా?"

రాజుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే ఏం చేయమంటావు?"

"కర్ణాటక వైపు ముసలి ఏనుగుల్ని ఉంచే చోటు ఒకటి ఉందని డాక్టరుగారు చెప్పారండి. అన్నీ ఆడవేనంట. అక్కడికి పంపేద్దామండి."

"మా నాన్న తెచ్చిన ఏనుగురా అది. మా తర్వాత దాని సంతతి ఉండాలని నేననుకుంటుంటే, ఉన్నదాన్నే పంపేయమంటావా? దాన్ని పంపేసి నువ్వేం చేస్తావు?"

"తెలీదండి."

రాజుగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. రోజులు గడిచాయి. ఒకరోజు తనే ఎవరికీ చెప్పకుండా చెరకు గడలు పట్టుకుని పాకకు వెళ్ళారు. తన చేత్తో అమ్మాజీ తొండానికి అందించారు. అది పట్టుకుంది. నోట్లో పెట్టుకోలేదు. కాసేపు పట్టుకుని కింద వదిలేసింది. ఆయన తీసి మళ్ళీ అందించారు. మళ్ళీ వదిలేసింది. ఆ ఇంట భోజనానికి కూర్చున్నవాళ్ళను ఆకు ముందు నుంచి లేవనివ్వరు. వద్దన్నకొద్దీ వడ్డిస్తారు. పెట్టింది వద్దన్న ప్రాణిని ఆయన అంతకుముందు ఎరగరు. చాలాసేపు ఆ గడల వైపు చూస్తూ నిలబడి, పక్కనే ఉన్న ఏసుపాదంతో, "డాక్టరుగారితో మాట్లాడు" అని వచ్చేశారు.

అనుమతులు వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. లారీ వచ్చిన రోజు సూర్యావతిగారు అమ్మాజీ నుదుట పసుపూ కుంకుమా పెట్టారు. అది లారీ ఎక్కనని మొరాయించింది. ఏసుపాదం తనే ముందు ఎక్కి, లోపల గడ్డి మీద కూర్చుని, "రావే" అని పిలిచాడు. అప్పుడు ఎక్కింది. రాజుగారు ఇంటి దగ్గర లేరు. లారీ రోడ్డెక్కేటప్పుడు మలుపు దగ్గర ఆయన కారు ఆగి ఉండటం నేను చూశాను. అద్దం దించలేదు. పెంపకంలో ఉన్న ఏనుగులకు పిల్లలుండాలా వద్దా అని ఆయన ఇప్పటికీ డాక్టరుగారితో వాదిస్తూనే ఉంటారు. ఏసుపాదం పేరు మాత్రం ఆ వాదనలోకి రానివ్వరు.

అక్కడ అలవాటయ్యేదాకా ఏసుపాదం దానితోనే ఉన్నాడు. మొదట కంచెకు ఇవతల ఉంచారు. అవతలి ఏనుగులు వచ్చి తొండాలు చాపి పలకరించి పోయేవట. తర్వాత ఒకరోజు గేటు తీశారు. ఆ సాయంత్రం అతను రూబీకి ఫోన్ చేశాడు. ఆ మాటలు రూబీ నాకు చెప్పింది.

"వెళ్ళిందా నాన్నా?"

"వెళ్ళిందమ్మా. రెండు ముసలివి ఎదురొచ్చాయి. మధ్యలో పెట్టుకుని తీసుకుపోయాయి. చెట్లలోకి పోయింది."

"మంచిదే కదా."

"మంచిదే. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదమ్మా."

"నువ్వు కోరుకుంది అదే కదా నాన్నా."

"కోరుకున్నాను. అయినా చూడొచ్చుగా."

అన్నం తిన్నావా అని అడిగింది రూబీ.

"ఇంకా లేదు. పిలుస్తున్నారు. కాసేపు ఈ గేటు దగ్గరే కూర్చుని వెళ్తాను" అన్నాడు.