గేటు కెమెరాను బదులు పని అడిగొచ్చిన

గల్ఫ్‌ల మా బిల్డింగ్ సైట్‌కు కొత్త మిషిన్ వచ్చినప్పుడల్లా ఇంజనీర్లు చప్పట్లు కొడతరు, మిఠాయి పంచుతరు. దానితోని తగ్గిన కష్టం లాభం ఎవరి ఖాతాల పడ్డదో ఒక్కడూ చెప్పడు. ఇనుప చువ్వలు వంచే మిషిన్ వచ్చిననాటి సంది ఈ మంట నా కడుపుల ఉన్నది. ఇప్పుడు మా గేటుకు ఏఐ కెమెరా వస్తున్నదట. అక్కడ బండ్లను ఆపి, చూసి, పంపేది నేను, నా జోడిగాడు మల్లేశం. కెమెరా వస్తే ఒక్కడు చాలంటున్నరు. కూలోళ్ళ మాట వింటమని కంపెనీ అల్ రయ్యాన్‌ల మీటింగ్ పెడితే ఇద్దరం బయలెల్లినం.

మేముండే అల్ వుకైర్ క్యాంప్ కాడ మెట్రో బస్సు ఫ్రీ, టికెట్ లేదు. అల్ వక్రాల రైలెక్కి, ముషైరిబ్‌ల దిగి పచ్చ లైన్ పట్టాలె. రైలుకు రెండు రియాళ్ళు. బస్సు డ్రైవర్ నేపాలోడు, నా ఇస్త్రీ అంగీ చూసి, "చాచా, షాదీ హై క్యా?" అన్నడు.

"హా, మిషిన్‌తోని పెండ్లి" అన్న.

మల్లేశం పడీపడీ నవ్విండు. "కాకా, నీ నోటికి అది తెల్లారకముందే విడాకులిస్తది!"

హాల్ల కంపెనీ తరఫున మాట్లాడింది హైదరాబాద్ మేడం. "ఒకరు గేటు దగ్గర ఉంటారు బాబాయ్. రెండోవాళ్ళ సంగతి తర్వాత చూస్తాం."

"తర్వాత అంటే ఇంటికే గద మేడం! మా దిక్కు బదులు పని ఉంటది. నువ్వు నా పొలంల నాటేస్తే, నేను నీ పొలంల నాటేస్త. మీ మిషిన్ మా పనిల చెయ్యి పెడుతున్నది, సంతోషం. మరి మాకు తిరిగొచ్చేదేంది?"

"మీకేం కావాలి?"

"ఇద్దరం ఉంటం. చెరి సగం పొద్దు. జీతం తగ్గొద్దు."

అదే మాట నేను హిందీల చెప్పంగనే, మీటింగ్‌కొచ్చిన బంగ్లావాళ్ళు, నేపాలోళ్ళు బల్లలు చరిచిండ్రు. మేడం కూడా నవ్వి రాసుకున్నది. మల్లేశం నన్ను ఎత్తుకున్నంత పనిజేసిండు.

మిషిన్ మీద నాకు పగ లేదు. ఎండల నిలబడే పని అది చేస్తే మంచిదే, నీడ మాత్రం అందరికీ పడాలె. ఇసొంటి మీటింగ్‌కు పోయేటోళ్ళు జోడిగానితోనే పోండి, విడివిడిగా పోతే కొట్లాట పెడతరు. శుక్రవారం రైళ్ళు ఆలస్యంగా మొదలైతయి, తొందరపడకుండ్రి.

మేడం, రాసుకున్నరు సరే. దసరా నాటికి జవాబు కావాలె: గేటు కాడ ఇద్దరమా, ఒక్కడా?