ఆడ మొక్క లేని కంచె

మా అత్త పిల్లల ఆసుపత్రిలో తోటమాలి. ఆమె కోడల్ని నేను, అక్కడే లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతాను. ఇంట్లో మా ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. అయినా ఆ సోమవారం పొద్దున పని వదిలేసి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

వార్డు కిటికీల ముందు లాంటానా అనే పరాయి దేశపు పొదల కంచె ఉండేది. పూలు ముచ్చటగా ఉండేవి, పిట్టలు పళ్ళు తినేవి, మంచం దిగలేని పిల్లలు వాటినే చూస్తూ గడిపేవారు. కానీ పిట్టలు రాల్చిన గింజలు కాలువ గట్టంతా మొలిచి మరో మొక్కను బతకనివ్వలేదు. అత్త పట్టుబట్టి ఆ కంచెను వేళ్ళతో సహా తవ్వించింది. చిన్న తెల్ల పళ్ళు కాసే మన నేలలో పుట్టిన పొదలే పెడతానని, పిట్టలు మళ్ళీ వస్తాయని ఆసుపత్రి ఆఫీసరుకు మాటిచ్చింది. గట్టున ఆ తెల్ల పళ్ళ పొదలు అక్కడక్కడా మిగిలితే, వాటిలో బాగా ఏపుగా ఉన్న ఒక్క పొదను చూసి, దాని కొమ్మలే కత్తిరించి వరసంతా నాటింది.

పొదలు పెరిగాయి, పూశాయి, కాయలేదు. రెండో ఏడూ అంతే. పిల్లలు కిటికీ వైపు చూడడమే మానేశారు. ఓపిక నశించిన ఆఫీసరు సోమవారం లారీలో మళ్ళీ లాంటానాయే తెప్పిస్తున్నానన్నాడు.

ఆదివారం అత్త కంచె దగ్గర కూర్చుని పూలను గోటితో చీల్చి చూసింది. అన్నిట్లోనూ పుప్పొడే, పిందె కట్టే బొడిపె ఒక్కదాంట్లోనూ లేదు. ఆ జాతిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆమె కొమ్మలు తెచ్చింది మగ పొద నుంచి. పెళ్ళికి మగపెళ్ళివారు తప్ప ఎవరూ రాలేదన్నమాట. నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. నేల మంచిది కాదని చెప్పెయ్యమని, ఎవరూ పట్టుకోలేరని సలహా ఇచ్చాను. ఆమె గోళ్ళలోని పుప్పొడి దులుపుకుని లేచింది.

పొద్దున లారీ గేటు దగ్గర ఆగింది. ఆఫీసరు వచ్చాడు. అత్త ఆయనకు ఎదురెళ్ళింది.

“మొక్కల తప్పేం లేదయ్యా, తప్పు నాదే. అన్నీ మగవి పెట్టాను. మధ్యమధ్యలో ఆడవి పెడితే కాస్తాయి.”

ఎన్నాళ్ళకని ఆయన అడిగాడు. రెండేళ్ళయినా పడుతుందని ఆమె చెప్పింది.

“ఈ ఏడాదే నువ్వు రిటైరవుతున్నావు కదమ్మా. తర్వాత ఎవరు చూస్తారు?”

అత్త తల దించుకుంది. నలుగురిలో ఆమె తల దించడం నేనెన్నడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండింది.

“నేను చూస్తానండీ,” అన్నాను.

ఆఫీసరు నన్ను కాదు, అత్తను చూశాడు. నా చేతిలో మొక్క బతకదని వీధంతా చెప్పుకొచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఆ ఒక్క మాట అన్నా చాలు, లారీ లోపలికొస్తుంది.

“మొండిఘటం అయ్యా ఇది,” అంది అత్త. “పట్టిందంటే వదలదు.”

ఇంట్లో రోజూ నన్ను తిట్టే తిట్టే అది. ఆఫీసరు లారీని వెనక్కి పంపేశాడు. అత్త నా చేతికి గునపం ఇచ్చి, ఆడ పొదను వెతకడానికి కాలువ వైపు నడిచింది.