నేను కనిపెట్టిన బెజ్జంకిన్

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. ఇప్పుడంటే వయసు పెరిగేకొద్దీ తెలిసినవి ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి గానీ, సిద్దిపేటలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదివేటప్పుడు నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. రోజూ బెజ్జంకి నుంచి బస్సులో వచ్చేదాన్ని. సంచిలో టిఫిను డబ్బాతో పాటు మా పొలం గట్టు మీది గడ్డిచామంతి ఆకు ఉండేది. చిన్నప్పుడు గడ్డి కోస్తూ వేలు తెగ్గోసుకుంటే అవ్వ నలిపి పిండేది ఆ ఆకునే. దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, హెక్సేన్ అనే సాల్వెంటులో నానబెట్టి, అందులోకి దిగిన సారంలో ఏమేం ఉన్నాయో చూడటం నా ప్రాజెక్టు. (హెక్సేన్ పెట్రోలుకు దగ్గరి చుట్టం. వాసన చూస్తే మీరే పోల్చుకుంటారు.)

హెక్సేన్ పెద్ద గాజుసీసాలో వచ్చేది. ఆ సీసా మూత పగిలింది. పగలగొట్టింది నేనే. మూత లేకపోతే హెక్సేన్ గాలిలో కలిసిపోతుంది కాబట్టి దాన్ని వేరే దాంట్లోకి మార్చాలి. మా వైపు ఇళ్లలో ఖాళీ అయిన ఐదు లీటర్ల నూనె డబ్బాను పారేసే పాపం ఎవరూ చేయరు. దాంట్లో చల్ల పోస్తారు, పొలానికి నీళ్లు మోస్తారు, మరీ పాతబడితే సగానికి కోసి అందులో పుదీన నాటుతారు. నేనూ ఆ సంప్రదాయంలో పుట్టినదాన్నే గనక ఇంటి నుంచి ఒక డబ్బా తెచ్చాను. అవ్వ దాన్ని వేడినీళ్లతో నాలుగుసార్లు కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించి మరీ ఇచ్చింది. సాల్వెంటును వాడే ముందు అది శుద్ధంగా ఉందో లేదో చూసుకోవాలని పుస్తకం మొదటి పేజీల్లోనే రాసి ఉంది. మొదటి పేజీలు చదివే అలవాటు నాకు లేదు.

సారంలోని పదార్థాలను విడదీయడానికి తెల్లటి పూత పూసిన చిన్న ప్లేటు మీద చుక్క పెడతాం. అవి మచ్చలు మచ్చలుగా విడిపోతాయి. సోమవారం నా ప్లేటు మీద ఒక కొత్త మచ్చ వచ్చింది. ఎంత పెద్దదో! ఏ పుస్తకంలోనూ దాని జాడ లేదు (అంటే, నేను తిరగేసిన రెండు పుస్తకాల్లోనూ). పోలిక కోసం వేపాకు పెట్టి చూస్తే అందులోనూ అదే మచ్చ. కరివేపాకులోనూ అదే. బుద్ధి ఉన్నవాళ్లకు అక్కడ అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది. ఆ పదార్థానికి మా ఊరి పేరు మీదుగా ‘బెజ్జంకిన్’ అని పేరు పెట్టేశాను. ట్రైనింగుకు వెళ్లిన మా ప్రాజెక్టు మేడంకు ఫోన్ చేస్తే, అన్నీ చూసుకున్నావు కదా అని అడిగి, నేను ఊ అనగానే శనివారం సెమినార్‌లో చెప్పమన్నారు. ఆ సెమినార్‌కు హైదరాబాదు నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వస్తున్నారు. ఇక మా బాపు అయితే బిడ్డ మోకాళ్ల నొప్పులకు మందు కనిపెట్టిందని చాయ్ హోటల్లో చాటేశాడు. మోకాళ్ల సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. శనివారం తనూ వస్తానని చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం నేను చార్టు మీద బెజ్జంకిన్ అని రంగు పెన్నుతో రాసుకుంటుంటే మా ల్యాబు అటెండరు చాచా వచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్ల నాన్నది బజార్లో అత్తరు దుకాణం. చేతిలో తెల్ల కాగితం ఉంది.

“బేటీ, ఆకు లేకుంట ఉత్త హెక్సేన్ పది చుక్కలు దీని మీద పొయ్యి,” అన్నాడు. “మా అబ్బా స్పిరిట్ కొనేటప్పుడు గిట్లనే చూస్తుండె. మంచిదైతే మొత్తం ఎగిరిపోవాలె. కాగితం మీద ఏం మిగలొద్దు.”

నవ్వుతూనే పోశాను. హెక్సేన్ ఆరిపోయింది గానీ మచ్చ ఆరలేదు. కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే, మిర్చి బజ్జీలు కట్టిన కాగితంలా అంతమేర వెలుతురు కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పల్లీనూనె వాసన. ఉత్త హెక్సేన్‌తోనే ఒక ప్లేటు వేశాను. బెజ్జంకిన్ తన జాగాలో తాను నిక్షేపంగా ఉంది. అవ్వ వేడినీళ్లకు వదలని డబ్బా నూనె హెక్సేన్‌కు వదిలిందన్నమాట.

ఏడ్చాను. మేడంకు ఊ అన్న నోటితో రేపు ఏం చెప్పాలి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చే బాపు ముఖం ఎలా చూడాలి అన్న భయంతో ఏడ్చాను. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కదా అని కూడా అనుకున్నాను, ఒక చాయ్ తాగినంత సేపు. చాచా లేచి వెళ్లాడు. స్టోరు నుంచి సీలు తీయని సీసా తెచ్చి, నా ఎదుటే కాగితం మీద పది చుక్కలు పోశాడు. ఏమీ మిగల్లేదు. సాయంత్రం దాకా కూర్చుని ఆకుసారం మళ్లీ తీశాను. రెండు పలచటి మచ్చలు వచ్చాయి, రెండూ అందరికీ తెలిసినవే.

శనివారం అందరి ముందూ నిలబడి డబ్బా కథ మొత్తం చెప్పేశాను. ప్రొఫెసరు కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వి, ఈ కాగితం పరీక్ష ఎవరు నేర్పారని అడిగారు. గుమ్మంలో చాయ్ పళ్లెంతో నిలబడ్డ చాచాను చూపించాను. ట్రైనింగు నుంచి తిరిగొచ్చిన మేడం నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ బాధేసింది.

తిరుగు బస్సులో బాపు ఇస్త్రీ మడత చెదరకుండా నా పక్కన కూర్చున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా మెల్లగా అడిగాడు.

“అయితే బిడ్డా, గది మనింట్ల నూనెనే గద?”

“ఔ బాపు.”

“మరి మనూరి పేరు పెట్టుడు తప్పెట్లయితది?”

(అవ్వ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. తాను కడిగిన డబ్బాలో నూనె మిగిలే ముచ్చటే లేదట.)

చాచా రిటైరైన రోజు కలవడానికి వెళ్లి, ఆ శుక్రవారం నీకెట్లా అనుమానం వచ్చిందని అడిగాను. “శుక్రవారమేంది బేటీ, సోమవారమే తెల్సు. మూత తియ్యంగనే పల్లీల వాసనొచ్చింది,” అన్నాడు. “నువ్వు గంత సంబురంగ ఉంటివి. నాల్రోజులు ఉండనియ్యి అనుకున్న.”

ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. ఏడాదికొకరైనా మెరిసే కళ్లతో ప్లేటు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. చాచా ఇచ్చిన కాగితాల్లాంటివి నా సొరుగులో ఎప్పుడూ ఉంటాయి. వాటిని వెంటనే బయటికి తీయను. కుర్చీ చూపించి, నవ్వు ఆపుకుంటూ, ఏం పేరు పెట్టావమ్మా అని ముందు అడుగుతాను.