ఉపవాసం విడిపించిన ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మా ఆయన ఏసోబు ఇదిగో ముందు వరసలోనే కూర్చున్నారు, నేనేం బయటపెడతానోనని తల దించుకుని నవ్వుతున్నారు, కానీ ఈయనకు జబ్బు చేసిన ఆ వానాకాలంలో ఈ మనిషి నాకు దక్కుతాడనే ఆశ లేదు!

అప్పట్లో మాదాపూర్‌లో బండలు పగలగొట్టి పెద్ద పెద్ద కంప్యూటర్ ఆఫీసులు కడుతున్నారు, మేము కొండాపూర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఈయన ఎలక్ట్రీషియను. ఒక కొత్త భవనంలో, నేల కింద గాలి ఆడని గదిలో, కరెంటు ప్యానెళ్ళకు పట్టిన జిడ్డును సీటీసీ అనే తియ్యటి వాసన మందులో గుడ్డ ముంచి తుడిచేవారు. తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. దవాఖానకు పదమంటే వింటేగా, మొండిఘటం! కష్టమొస్తే మనవాళ్ళం ఏం చేస్తాం, ఉపవాసముండి ప్రార్థిస్తాం, ఈయనా అదే చేశారు, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా మళ్ళీ ఆ గదిలోనే పని! చివరికి కళ్ళు పచ్చబడి పనిలోనే కూలబడ్డారు.

దవాఖానలో డాక్టరమ్మ అన్నీ అడిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "చూడండమ్మా, లివర్‌లో ఎంజైములుంటాయి, ఒంట్లోకి వచ్చిన మందుల్ని మార్చి బయటికి పంపడం వాటి పని. ఈ సీటీసీని మాత్రం మార్చబోయి ఇంకా పెద్ద విషం చేస్తాయి, అది లివర్‌నే తినేస్తుందండి. దానికి అడ్డుపడే పదార్థం కూడా లివర్‌లోనే ఉంటుంది, కానీ తిండి మానేస్తే అది తరిగిపోతుంది, ఆ ఎంజైములేమో ఇంకా జోరందుకుంటాయి. విరుగుడు మందు ఎక్కిస్తున్నాం, ఆయన మెల్లగా తినాలి కూడా."

తినమంటే ఈయన నోరు తెరవరే! "నయమయ్యేదాక తిననని దేవునికి మాటిచ్చిన, ఎట్ల తప్పుత? సస్తే ఆయన దగ్గరికే పోత" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు పోతవ్ సరే, నేనెవరి దగ్గరికి పోవాలె?" అని ఏడ్చేశాను.

కబురందుకుని మా పాస్టరయ్య గంజి గిన్నె పట్టుకుని వచ్చారు, మంచం పక్కనే మోకరించారు. ఆ ప్రార్థన నాకింకా గుర్తుంది. "తండ్రీ, నీ బిడ్డ ఉపవాసం నీకు ముట్టింది, మేం నమ్ముతున్నం. ఇగ ఆయన నోరు తెరువు. ఈ లివర్‌ను చేసినోనివి నువ్వే, డాక్టరమ్మకు తెలివిచ్చినోనివి నువ్వే. ఈ ఆడబిడ్డ కన్నీళ్ళు జర చూడు ప్రభువా!"

ఆమెన్ అని కళ్ళు తెరిస్తే ఈయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నోరు తెరిచారు! రెండు చెంచాలు మింగి, "ఉప్పు తక్కువైంది" అన్నారు. హల్లెలూయా! పెళ్ళయినప్పటి నుంచి నా వంటకు పెట్టిన వంకలన్నీ ఆ ఒక్క మాటకు క్షమించేశాను. మెల్లమెల్లగా కళ్ళలో పసుపు దిగింది, దెబ్బతిన్న లివరు మళ్ళీ కోలుకుంది, దేవునికే మహిమ!

పరేషాన్‌లో ఉన్నవాళ్ళారా, ఒంటరిగా బిగబట్టుకోకండి, సంఘానికి చెప్పండి, దవాఖానకూ పోండి, రెండుచోట్లా మన మొర వినేది ఆ ఒక్క తండ్రే, ఆయన్ను నమ్మండి. ఆరాధన కాగానే ఎవరూ వెళ్ళిపోకండి, అందరికీ మా ఇంటి భోజనం, వడ్డించేది మా ఆయనే!