యాదన్న నిన్న తాగి లేడు

నిన్న పొద్దున పళ్లు తోముకుంటుంటే కోదాడ నుంచి ఫోన్.

"యాదన్న ఇంట్ల గ్యాస్ పేలింది. జల్ది రా."

సూర్యాపేట నుంచి బైక్ మీద ఎట్లా వెళ్లానో గుర్తు లేదు. నేను ఆస్పత్రికి చేరేసరికే యాదన్న పోయాడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న సాయంత్రమే మా దోస్తుల వాట్సాప్ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఆదివారం మిర్యాలగూడ పోదాం, ఎవరూ బహానాలు చెప్పొద్దు అని.

ఆస్పత్రి దగ్గర, ఇంటి దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న. బయటికి వాసన కొడుతుంటే ఇంట్లో ఉన్న మనిషికి తెలియకపోవడమేంటని. తలుపు కొడదామని పక్కింటి పెద్దమ్మ చెప్పులేసుకునేలోపే పేలిందట.

ఇంతలో ఎవరో మహానుభావుడు అనేశాడు, తాగి ఉంటాడులే, రోజూ బార్ల ఫోటోలు పెట్టేవాడే కదా అని.

సాయంత్రానికి ఆ మాట మా సూర్యాపేట దాకా వచ్చింది. అతను అన్నప్పుడు యాదన్న భార్య సరిత వదిన, కబురంది ఊరి నుంచి వచ్చి, పక్కనే కూర్చుని ఉంది. విన్నది.

ఒళ్లు మండిపోయింది నాకు. అందుకే రాస్తున్నా. వదినను అడిగే రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం. యాదన్నది కోదాడలో హార్వెస్టర్ స్పేర్ పార్ట్స్ షాపు. పని మీద సూర్యాపేట, మిర్యాలగూడ తిరిగేవాడు. తిరిగిన ప్రతిచోటా మంచి హోటల్ ఏది, మంచి బార్ ఏది అని వెతకడం ఆయనకు పిచ్చి.

తాగేది మాత్రం ఒక్క గ్లాసే. ఇంకోటి చెబుదామా అంటే, నాలుకకు మత్తెక్కినంక రుచేం తెలుస్తది అనేవాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. ప్లేటొచ్చినా గ్లాసొచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఆయన తల ఊపేదాకా మాలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ఒకసారి హైవే మీద పెద్ద ఏసీ రెస్టారెంట్‌లో కూర్చున్నాం. ఆకలికి కడుపులు మాడుతున్నాయి. చికెన్ ఫ్రై వచ్చింది. వాసన చూసి ప్లేటు పక్కకు జరిపాడు. నూనె పాతది, లేవండి అన్నాడు. తిట్టుకుంటూ లేచాం. సందులో ఎక్కడో ఒక మెస్‌కు తీసుకెళ్లి జొన్నరొట్టె, మటన్ పెట్టించాడు. మళ్లీ ఎవరూ తిట్టలేదు.

మిర్యాలగూడ బార్ కూడా ఆయన కనిపెట్టిందే. మన దగ్గర బార్ అంటే పెగ్గు, సోడా, పల్లీలు. అక్కడ మాత్రం ఓడల్లో పనిచేసి వచ్చినాయన విస్కీ సోర్ అనే కాక్‌టెయిల్ పాత పద్ధతిలో చేస్తాడు. గుడ్డు తెల్లసొన నురగ వచ్చేదాకా కొట్టి, పైన నిమ్మతొక్క పిండి ఇస్తాడు. ఆ తొక్క వాసన కోసమే యాదన్న మిర్యాలగూడలో పనులు కల్పించుకునేవాడు.

వానాకాలంలో ఆయనకు జ్వరమొచ్చింది. తగ్గాక మళ్లీ అక్కడికే పోయాం.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

తర్వాత దించి, మా మొహాలు చూశాడు. ఆ వాసనకే మేము నవ్వుతుండడం చూసి అప్పుడు తల ఊపాడు.

ఆ రోజు నుంచి ప్రతిచోటా అంతే. ముందు మా మొహాలు, తర్వాత ఆయన మాట. నాకేదో తేడా కొట్టింది.

దసరా అయ్యాక వాళ్లింటికి వెళ్లా. హాల్లో కూర్చుంటే మాడు వాసన. పరుగెత్తి చూస్తే కూర బొగ్గయిపోయింది. యాదన్న దాని పక్కనే అటు తిరిగి నిలబడి, నిమ్మకాయలు కోస్తూ నాతో ముచ్చట పెడుతున్నాడు.

స్టవ్ నేనే ఆపాను. ఆయన మొహంలో భయం మొదటిసారి చూశాను.

"జ్వరమొచ్చిన కాడి నుంచి ఏ వాసన తెలుస్తలేదురా. గ్రూప్‌ల చెప్పకు. ముక్కు లేనోడు హోటళ్లు సూపిస్తుండని నవ్వుతరు."

సిలిండర్‌తో జాగ్రత్త అన్నా అంటే, ఇంట్ల సరిత ఉంటది గద అన్నాడు.

డాక్టర్‌కు చూపించుకున్నాడు. రోజూ నిమ్మతొక్క, లవంగం, కాఫీపొడి వాసన చూస్తూ ఉండమన్నారట, మెల్లగా రావచ్చన్నారట. పొద్దున లేవగానే వంటింట్లో నిలబడి, కళ్లు మూసుకుని ఆ మూడూ పీల్చేవాడట. ఆ తర్వాతే పాలు పెట్టేవాడట. ఇయ్యాల జర వచ్చినట్టుందే అని వదినతో అనేవాడట. రాలేదని ఆమెకు తెలుసు. రోజూ పడుకునే ముందు రెగ్యులేటర్ ఆమే ఆపేది.

మొన్న వాళ్లమ్మకు బాగోలేదని వదిన కోదాడ పక్కన అనంతగిరి వెళ్లింది. రెగ్యులేటర్ మర్చిపోకు అని గడప దగ్గర చెప్పింది. బస్సెక్కాక ఫోన్ చేసి మళ్లీ చెప్పింది. సరే సరే అన్నాడట.

రాత్రి ఏదో వేడి చేసుకుని స్టవ్ నాబ్ సరిగా తిప్పలేదేమో. ఎవరు చూశారు? నేను చూసింది ఇంతే. ఇంట్లో మందు సీసా ఒక్కటి లేదు. వంటింటి మూలకు ఎగిరిపడ్డ లవంగాల డబ్బా ఉంది. దాని పక్కన నిమ్మతొక్క.

గ్యాస్ నిండిన వంటింట్లో కళ్లు మూసుకుని నిలబడి, యాదన్న నిమ్మతొక్క వాసన కోసం వెతికి ఉంటాడు.

తర్వాత పాలు పెడదామని లైటర్ నొక్కి ఉంటాడు.

అదీ జరిగింది. తాగి పోయాడన్నవాళ్లు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదవండి. మీ ఇంట్లో ఎవరైనా వాసన తెలియడం లేదంటే మాత్రం నవ్వకండి, వాళ్లను వంటింట్లో ఒంటరిగా వదలకండి.

ఆదివారం మిర్యాలగూడ పోతాం అన్నా. నీ కుర్చీ ముందు ఒక గ్లాసు పెట్టిస్తాం, పైన నిమ్మతొక్క పిండించి. నువ్వు తల ఊపేదాకా ఎవ్వరం ముట్టం.

పోయిరా యాదన్నా. గా పైలోకంలనన్న నీకు వాసన తెలవాలె. నిమ్మళంగ ఉండు.